మూరెడు ఎగువకి

మొదటి విడతలోనే వస్తాడన్నారు.
గుణుపురం బస్టాండు పక్కన పాత్రో టీ కొట్లో
నూనె డబ్బాకి ఆనించిన ఫోను ముందు
పన్నెండు మందిమి మెడలు సాచి కూర్చున్నాం.

రెండో విడతకి వడలు చల్లారాయి.
మూడో విడతకి "కొణ హెలా, మాస్టారూ?" అన్నాడు పాత్రో.
నాలుగో విడతలో ఫోను ఛార్జింగుకి లోపలికెళ్లింది.
ఆరో విడత చివర్న
ఎవరో ఆవులింత మింగి చదివినట్టు:
నిమ్మక సీమాంచల్.
చప్పట్లు కొట్టాం. కొట్టాలి కదా.

ఆ తర్వాత కారణాలు.
రెండు పేర్ల వల్లేనన్నాడు రిటైరైన గార్డు అప్పలకొండ.
తెలుగు బడి రిజిస్టర్లో సింహాచలం,
ఒడియా హైస్కూలు సర్టిఫికెట్లో సీమాంచల్.
ఒకే కొండ మీది దేవుడు, రెండు పుట్టినతేదీలు.
మధ్యలో పదకొండు నెలలు ఎవరి వయసో తేలలేదట.
కావచ్చు.
బక్కోడని ఒకడు.
కొండోడు కదా అని ఇంకొకడు, గొంతు తగ్గించి.
అదీ కావచ్చు.

నాకు తెలిసింది మాత్రం రాత్రి,
సెలక్షన్ల వీడియో నాలుగోసారి చూస్తుంటే.
భువనేశ్వర్లో నీలం టర్ఫు, తడిపి ఉంది,
పళ్లెంలో పోసిన నీళ్లంత సమంగా.
వాడు కొట్టిన పాసులు ఇరవై. తప్పినవి పదమూడు.
పదమూడూ గ్యాలరీ వైపే,
పదమూడూ మూరెడే.
కింద ఎవరో రాశారు: చూపుంది, గురి లేదు.

అయ్యా,
గురి లేనివాడు అన్ని వైపులా తప్పుతాడు.
ఆ గ్యాలరీని వాడి కాళ్లు కొండ అనుకున్నాయి.

మా గ్రౌండుకి ఎగువన జీడితోట, దిగువన వంశధార.
నట్టనడుమ బంతి పెట్టి చెయ్యి తీస్తే
దాని దారిన అదే ఏటికి పోతుంది.
ఏడేళ్లప్పుడు వెదురు దుంప కర్ర పట్టుకుని వాడొస్తే
నేను చెప్పిన మొదటి పాఠం ఇదే:
"ఒరే, మనిషికి కొట్టకు.
మనిషికి మూరెడు ఎగువకి కొట్టు.
మిగతాది నేల చూసుకుంటుంది."

చూసుకుంది.
పదిహేనేళ్లకే పందేల్లో తొమ్మిది మేకపోతులు తోలుకొచ్చాడు.
ఒకదాన్ని కోయనివ్వలేదు,
ఇప్పటికీ మా పెరట్లో నా తువ్వాళ్లు తింటోంది.

చదును చేయించమని రాయగడకి నాలుగు అర్జీలు పెట్టాను.
అయిదోది పెట్టలేదు.
బయటి టీములొచ్చి, ఖరీదైన బూట్లతో
మా ఏటిలోకి బంతులు కొట్టుకుని ఓడిపోతుంటే
ఆ వాలు నాకు ముద్దొచ్చింది.
ఇది అప్పలకొండకి చెప్పలేదు.

నిన్న తాపీమేస్త్రిని నీళ్ల గొట్టం అడిగి తెచ్చి
ఈ గీత నుంచి ఆ గీతకి కొలిచాను.
మూడడుగుల పది అంగుళాలు.
ఇంత ఉందా అనుకున్నాను.
గొట్టం చుట్టి ఇచ్చేశాను.

మధ్యాహ్నం ఫోను చేశాడు.
ఆరో విడత గురించి ఒక్క మాటా లేదు.
"మాస్టారూ, ఇక్కడ బంతి ఎక్కడ ఆపితే అక్కడే ఉంటాది.
పడుకున్నాక కూడా అదే గుర్తొస్తాది."
అలవాటవుతుందిలే అన్నాను.
ఎవరికి, అని అడగలేదు వాడు.

ఈ ఉదయం పిల్లలు తొమ్మిదిమంది.
"నేరుగా కొట్టండి" అన్నాను.
నేరుగానే కొట్టింది చిన్నది, పువ్వల జెమ్మ.
బంతి వంగి, గీత దాటి, రెల్లు దాటి
ఏట్లో పడింది.
తొమ్మిదిమందీ నవ్వారు.
"మాస్టారూ, మూరెడు ఎగువకి కదా?"

పంట్లాం మడిచి
బంతి కోసం నేనే దిగాను.
నీళ్లు మోకాలిదాకా ఉన్నాయి.
వెతకడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.